కోత సంగతి తెలుసు, మందుల సంగతి తెలియదు

మిల్లు కార్మికుల ఇళ్లలో రెండు కార్డులు - ఏది దేనికి పనికొస్తుంది?

చిలకలూరిపేట: జీతం చీటీ చేతికందగానే కార్మికుడు మొదట చూసేది కోతలనే. ప్రావిడెంటు ఫండుకింత, అడ్వాన్సుకింత, ఇ.ఎస్.ఐ.కి ఇంత అని లెక్క చూసుకుంటాడు. ప్రావిడెంటు ఫండు ఎప్పటికైనా తిరిగి వస్తుందని అతనికి తెలుసు. అడ్వాన్సు తను వాడుకున్నదే. ఇ.ఎస్.ఐ. పేరున కోసిన నూరూ నూటపదీ మాత్రం ఎక్కడికి పోతున్నదో, దానికి బదులుగా తనకు రావలసింది ఏమిటో తెలియని కార్మికులు లేకపోలేదు. అదే కార్మికుడు ఇంటికి వెళుతూ వెళుతూ తల్లికి రక్తపోటు బిళ్లలు, భార్యకు షుగరు బిళ్లలు మందుల షాపులో డబ్బిచ్చి కొనుక్కుని పోతే, అది వెన్న చేతపట్టుకుని నేతికి అల్లాడినట్టే. జీతంలో కోసిన సొమ్ము ఆ బిళ్లల కోసమే.

గణపవరం, చిలకలూరిపేట పరిసరాల్లోని నూలు మిల్లులకు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడామగా షిఫ్టుల వారీగా పనికి వస్తుంటారు. మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలున్నాయి. ఇలాంటి చోట్ల పనిచేసేవారి ఇళ్లలో తరచుగా రెండు కార్డులుంటాయి. ఒకటి యజమానీ కార్మికుడూ కలిసి కట్టే చందాతో వచ్చిన ఇ.ఎస్.ఐ. కార్డు. రెండోది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వైద్య సేవ కార్డు. నిన్నమొన్నటి వరకు జనం నోట ఆరోగ్యశ్రీగా నలిగిన కార్డు ఇదే. రెండూ ఆస్పత్రికి సంబంధించినవే కదా, ఏది ఉంటే ఏమని అనుకుంటే పొరపాటు. ఒకటి పెద్ద ఆపరేషనుకు అక్కరకొస్తుంది. మరొకటి ఆపరేషనుకే కాక, రోజూ మింగే బిళ్లకు కూడా అక్కరకొస్తుంది. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది కార్మికుని కుటుంబమే.

చందా ఎవరిది? ఎంత?

ఇ.ఎస్.ఐ. అంటే ఉద్యోగుల రాజ్య బీమా పథకం. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, పార్లమెంటు దీనికి చట్టం చేసింది. అంతకు ముందు 1944లో ప్రొఫెసర్ బి.పి. అదార్కర్ కార్మికుల ఆరోగ్య బీమాపై ఇచ్చిన నివేదిక దీనికి పునాది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి రావడంతో పాత చట్టం అందులో కలిసింది. చట్టం పేరు మారింది గాని, యజమాని కొంత, కార్మికుడు కొంత కట్టి రోగం వచ్చినవానికి వైద్యం చేయించాలన్న మూలసూత్రం మారలేదు.

2019 జులై 1 నుంచి చందా రేటు తగ్గింది. అంతకు ముందు యజమాని నూటికి 4.75, కార్మికుడు నూటికి 1.75 చొప్పున కట్టేవారు. అప్పటి నుంచి యజమాని వంతు 3.25, కార్మికుని వంతు 0.75 అయింది. నెలకు 15,000 రూపాయల జీతగాణ్ణి తీసుకుందాం. అతని జీతంలో కోసేది 113 రూపాయలు. యజమాని తన జేబులోంచి వేసేది 488 రూపాయలు. రెండూ కలిపి నెలకు 601 రూపాయలు ఆ ఒక్క కార్మికుని పేర జమ కావాలి. అంటే కార్మికుడు రూపాయి వేస్తే యజమాని నాలుగు రూపాయల పైచిలుకు వేస్తున్నాడన్నమాట. ఇది దానధర్మం కాదు, విధిగా కట్టవలసిన సొమ్ము. యజమాని తన వంతును కూడా కార్మికుని జీతంలోంచే కోయడం చట్టవిరుద్ధం.

ఎవరికి ఉంది, ఎవరికి లేదు

పదిమంది లేక అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలకు ఈ పథకం వర్తిస్తుంది. జీతం పరిమితి 2017 జనవరి 1 నుంచి నెలకు 21,000 రూపాయలు. అంగవైకల్యం ఉన్నవారికి 25,000 రూపాయలు.

ఇక్కడ పత్తి ప్రాంతం వారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. నూలు వడికే మిల్లుకు పథకం వర్తిస్తుంది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు, బేళ్లు కట్టే ప్రెస్సింగు పనులే చేసేవాటిని మాత్రం సీజను ఫ్యాక్టరీలుగా లెక్కగట్టి చట్టం మినహాయించింది. అందుచేత ఒకే ఊరి నుంచి బయల్దేరిన అన్నదమ్ముల్లో స్పిన్నింగు మిల్లుకు వెళ్లే అన్నకు ఇ.ఎస్.ఐ. ఉండవచ్చు, జిన్నింగు మిల్లుకు వెళ్లే తమ్మునికి లేకపోవచ్చు. చేలో కూలికి పోయేవారికి, మిరపకాయ తొడిమలు తీసే ఆడవారికి ఈ చందా పథకం లేదు. వారికి రాష్ట్ర ప్రభుత్వ కార్డు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే దిక్కు.

మేస్త్రి ద్వారానో కాంట్రాక్టరు ద్వారానో పనిలో చేరినవారి సంగతేమిటి? వారూ ఫ్యాక్టరీ కార్మికుల కిందే లెక్క. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమాని చందా కట్టి, ఆ సొమ్మును కాంట్రాక్టరు బిల్లులో పట్టుకోవాలి. 'నువ్వు మా మనిషివి కాదు, మేస్త్రి మనిషివి' అని ఆఫీసులో చెప్పినంత మాత్రాన హక్కు పోదు.

మందుల చీటీకి పైసా అక్కర్లేదు

ఇ.ఎస్.ఐ. కార్డున్న కార్మికునికి పనిలో చేరిన రోజు నుంచే వైద్యం పొందే హక్కు వస్తుంది. డిస్పెన్సరీలో డాక్టరు చూసి చీటీ రాస్తే, ఆ మందులు అక్కడే ఉచితంగా ఇవ్వాలి. జ్వరానికీ దగ్గుకూ ఇచ్చే బిళ్లలే కాదు, ఏళ్ల తరబడి వాడవలసిన షుగరు, రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ, థైరాయిడు మందులు కూడా ఇందులో ఉన్నాయి. ఒక మనిషికి ఇంతకు మించి ఖర్చు పెట్టరాదన్న పరిమితి వైద్యానికి లేదు.

ఈ హక్కు కార్మికునికి ఒక్కడికే పరిమితం కాదు. భార్య లేక భర్త, మైనరు పిల్లలు, చదువుకుంటూ పూర్తిగా ఆధారపడి ఉంటే 21 ఏళ్ల వరకు పిల్లలు, పెళ్లికాని కూతురు, స్వల్ప ఆదాయంతో కార్మికుని మీద ఆధారపడిన తల్లిదండ్రులు - అందరూ కుటుంబం కిందికి వస్తారు. అయితే వారి పేర్లు ఇ.ఎస్.ఐ. రికార్డులో ఉండాలి. పెళ్లికి ముందు పనిలో చేరిన కుర్రవాడు తన పేరొక్కటే రాయించుకుని, పెళ్లయి ఇద్దరు బిడ్డలు పుట్టాక కూడా పేర్లు చేర్చుకోకపోతే, అవసరమైన రోజున డిస్పెన్సరీ గుమ్మంలో ఇబ్బంది పడక తప్పదు. పేర్లు చేర్చడానికి ఆధార్ కార్డులు, ఫోటో పట్టుకుని మిల్లు ఆఫీసులో గుమాస్తాను అడిగితే సరిపోతుంది.

మిల్లు ఒకచోట, ఇల్లు మరొకచోట ఉన్నవారికి ఇంకో సౌకర్యం ఉంది. కార్మికుడు మిల్లు దగ్గరి డిస్పెన్సరీని, కుటుంబం తమ ఊరికి దగ్గరి డిస్పెన్సరీని ఎంచుకోవచ్చు. రాయలసీమ నుంచో ఉత్తరాంధ్ర నుంచో వచ్చి ఇక్కడి మిల్లుల్లో పనిచేస్తూ, ముసలి తల్లిదండ్రులను సొంత ఊళ్లో ఉంచినవారికి ఇది ముఖ్యంగా పనికొస్తుంది.

డిస్పెన్సరీలో నయం కాని జబ్బయితే పెద్ద ఆస్పత్రికి చీటీ రాస్తారు. రాష్ట్రంలో విజయవాడ గుణదల, రాజమండ్రి, విశాఖపట్నం, తిరుపతిలలో ఇ.ఎస్.ఐ. ఆస్పత్రులున్నాయి. అక్కడా కుదరకపోతే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి పంపుతారు. ఆ చీటీ ఉంటే అక్కడ కార్మికుడు డబ్బు కట్టనక్కర్లేదు. గుండె, క్యాన్సరు, మూత్రపిండాల వంటి పెద్ద చికిత్సలకు మాత్రం ఇన్ని రోజుల చందా ఉండాలన్న షరతు ఉంటుంది. ఆ వివరం ముందుగానే డిస్పెన్సరీలో అడిగి ఉంచుకోవడం మంచిది.

మందు స్టాకు లేదంటే?

చెప్పుకోవడానికి బాగానే ఉంది గాని, డిస్పెన్సరీకి పోతే 'మందు లేదు, బయట కొనుక్కో' అంటే ఏం చేయాలి? పల్లె నుంచి బస్సు చార్జీ పెట్టుకుని, ఒకపూట కూలి పోగొట్టుకుని వచ్చినవానికి ఈ మాట గోరుచుట్టు మీద రోకటిపోటే. విసిగి వేసారి, మళ్లీ డిస్పెన్సరీ ముఖం చూడకుండా మందుల షాపుకే అలవాటు పడేవారు అప్పుడే పుట్టుకొస్తారు.

అలాంటప్పుడు చేయవలసిన పని ఒక్కటే. డాక్టరు రాసిన చీటీని పారేయకూడదు. స్టాకు లేదన్న సంగతిని ఆ చీటీ మీదనే రాయించుకోవాలి. బయట కొన్నప్పుడు షాపువాని దగ్గర సరైన బిల్లు తీసుకోవాలి. తెల్ల కాగితం మీద గీసిన లెక్క చెల్లదు. చీటీ, బిల్లు, కార్డు నకలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ నకలు జతచేసి డిస్పెన్సరీలో దరఖాస్తు ఇచ్చి, అందినట్టు రసీదు పుచ్చుకోవాలి. సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆలస్యం కావచ్చు, తిరగవలసి రావచ్చు. అయినా కాగితం ఉన్నవానికే అడిగే నోరుంటుంది.

పది కిలోమీటర్ల లోపు ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీ గాని ఆస్పత్రి గాని లేని ప్రాంతాల వారికి 2021లో ఒక వెసులుబాటు ఇచ్చారు. ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి చీటీ లేకుండా నేరుగా వెళ్లి డాక్టరుకు చూపించుకోవచ్చు. అక్కడ రాసిన మందులు కొంటే ఆ ఖర్చును ఇ.ఎస్.ఐ. ఆఫీసులో దరఖాస్తు పెట్టి తిరిగి పొందవచ్చు. పల్లెల్లో ఉండే కార్మిక కుటుంబాలకు ఇంతకంటె పనికివచ్చే నిబంధన మరొకటి లేదు. ప్రాణం మీదికి వచ్చిన సమయంలో దగ్గరలో ఉన్న ఏ ఆస్పత్రికయినా వెళ్లి, తర్వాత ఖర్చు కోరే వీలూ ఉంది.

ప్రభుత్వ కార్డు దారి వేరు

ఇక రెండో కార్డు సంగతి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీగా ఇది మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చింది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అయింది. 2023 డిసెంబరులో ఇక్కడ కుటుంబానికి ఏడాదికి 25 లక్షల రూపాయల వరకు, తెలంగాణలో 10 లక్షల రూపాయల వరకు పరిమితి పెంచారు. ఈ కార్డుకు కార్మికుడూ యజమానీ చందా కట్టరు. ప్రభుత్వ ఖజానాయే భరిస్తుంది.

ఈ కార్డు వల్ల పేదవాని గుండెకు ఆపరేషను జరిగింది, విరిగిన తుంటి ఎముక అతికింది. అందులో సందేహం లేదు. అయితే ఇది ప్రధానంగా ఆస్పత్రిలో చేర్చుకుని చేసే చికిత్సల కోసం రూపొందిన పథకం. జాబితాలో ఉన్న చికిత్సకు ఇంత అని ఆస్పత్రికి ప్యాకేజీ చెల్లిస్తారు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వాడే మందులు, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే 10 రోజుల మందులు అందులోనే. గుండెకు స్టెంటు వేయడం వంటి ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకు ఆ తర్వాత ఏడాదిపాటు పరీక్షలు, మందులు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. అంతకు మించి, మామూలుగా డాక్టరు దగ్గరికి వెళ్లి రాయించుకున్న మందులచీటీని పట్టుకుని ఈ కార్డు చూపిస్తే మందుల షాపువాడు బిళ్లలివ్వడు.

స్టెంటు వేయించుకున్నవాడు ఏడాదితో మందులు మానలేడు. రక్తం గడ్డకట్టకుండా వాడే బిళ్ల, కొవ్వు తగ్గించే బిళ్ల, రక్తపోటు బిళ్ల అతని వెంట బతికినన్నాళ్లూ ఉంటాయి. ఆపరేషను రోజున లక్షలు భరించిన కార్డు, ఆ తర్వాతి ఏళ్లలో నెలనెలా వందల రూపాయల ఖర్చుకు అడ్డుపడదు. ఆ నెలనెలా ఖర్చుకు అడ్డుపడేది ఇ.ఎస్.ఐ. చందాయే. డబ్బు చాలక మందు మానేసిన రోగి మళ్లీ ఆస్పత్రి పాలైతే ప్రాణానికీ ముప్పే, ఇంటికీ అప్పే.

రెండూ ఉంటే ఏది ముందు?

2007లో ఆరోగ్యశ్రీని రూపొందించినప్పుడే ఒక నియమం పెట్టారు. ఇ.ఎస్.ఐ., రైల్వే, ఆర్.టి.సి., కేంద్ర ప్రభుత్వోద్యోగుల పథకం వంటి వాటి కింద అదే జబ్బుకు రక్షణ ఉన్నవారికి ఈ పథకం వర్తించదన్నది ఆ నియమం. ఒకే చికిత్సకు రెండు చోట్ల సొమ్ము చెల్లించకూడదన్నది దీని ఉద్దేశం. కనుక ఇ.ఎస్.ఐ. ఉన్న కుటుంబం ముందు ఇ.ఎస్.ఐ. దారి పట్టడమే క్షేమం. ఆస్పత్రిలో చేరేటప్పుడు అక్కడి ఆరోగ్యమిత్రకు ఇ.ఎస్.ఐ. సంగతి దాచకుండా చెప్పి, తమకు ఏది వర్తిస్తుందో అడిగి తెలుసుకోవాలి. మధ్యలో చికిత్స ఆగిపోయి అవస్థపడే కన్న ఇది మేలు.

కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరు 23న ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకంలో ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి చికిత్స ఉంది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు దాటిన వృద్ధులందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా దీన్ని వర్తింపజేశారు. ఇ.ఎస్.ఐ. కింద ఉన్న వృద్ధులు కూడా ఈ కార్డు తీసుకోవచ్చునని కేంద్రం స్పష్టం చేసింది. అంటే కొడుకు ఇ.ఎస్.ఐ. మీద మందులు తెచ్చుకునే డెబ్బయ్యేళ్ల తల్లి, ఆపరేషను అవసరమైతే ఈ కార్డునూ వాడుకోవచ్చు. ఇక్కడ ఒక హక్కు మరో హక్కుకు అడ్డు కాదు. అంతేగాక, ఇ.ఎస్.ఐ. సభ్యులు ఆయుష్మాన్ ఆస్పత్రుల్లో కూడా చికిత్స పొందేలా రెండు పథకాలను కలుపుతున్నట్టు 2024 నవంబరులో కేంద్ర కార్మిక శాఖ ప్రకటించింది. అయితే ఆయుష్మాన్ కూడా ఆస్పత్రిలో చేరిన రోగికే. నెలనెలా బిళ్లల కోసం మాత్రం మళ్లీ డిస్పెన్సరీకే రావాలి.

హక్కు ఎప్పుడు పోతుంది?

పని మానేసిన రోజునే కార్డు చచ్చిపోయిందనుకుని పారేసేవారున్నారు. అది సరికాదు. ఇ.ఎస్.ఐ. లెక్క ఆరునెలల చొప్పున నడుస్తుంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు కట్టిన చందాకు, మరుసటి జనవరి 1 నుంచి జూన్ 30 వరకు ప్రయోజనం. అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు కట్టిన చందాకు, జులై 1 నుంచి డిసెంబరు 31 వరకు ప్రయోజనం. ఆ ఆరునెలల్లో కనీసం 78 రోజుల చందా ఉండాలి. ఈ లెక్కన సెప్టెంబరు ఆఖరున మిల్లు పని మానేసిన కార్మికుడు, చందా సరిగా జమ అయి ఉంటే, మరుసటి జూన్ 30 వరకు కుటుంబంతో సహా మందులు తెచ్చుకోవచ్చు.

జీతం పెరిగి 21,000 దాటినవారికీ ఇలాంటి రక్షణే ఉంది. ఆరునెలల కాలం మధ్యలో జీతం పెరిగితే, ఆ కాలం ముగిసేదాకా చందా కొనసాగుతుంది. దాని తాలూకు ప్రయోజన కాలం పూర్తయ్యేదాకా మందులు వస్తాయి. ఆ తర్వాత మాత్రం ఇ.ఎస్.ఐ. ఉండదు. జీతం నాలుగు వందలు పెరిగి మందుల హక్కు పోతే లాభమో నష్టమో ఇంట్లో రోగి ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. అందుకని ఆ గడువులోగా వేరే ఏర్పాటు చూసుకోవాలి.

జబ్బుపడి పనికి పోలేని రోజులకు, 78 రోజుల చందా ఉన్న కార్మికునికి జీతంలో నూటికి 70 వంతున ఏడాదికి 91 రోజుల వరకు సొమ్ము కూడా ఇస్తారు. ఇందుకు ఇ.ఎస్.ఐ. డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు ఉండాలి. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుని ఇంట్లో పడుకున్నవానికి ఈ సొమ్ము రాదు.

కోశారు సరే, కట్టారా?

జీతంలో కోసినంత మాత్రాన సరిపోదు. కోసిన సొమ్ము, యజమాని వంతు కలిపి మరుసటి నెల 15వ తేదీలోగా కార్పొరేషనుకు జమ కావాలి. జమ కాకపోతే డిస్పెన్సరీ కంప్యూటరులో ఆ కార్మికుడు అర్హుడు కాడని చూపిస్తుంది. చేయని తప్పుకు శిక్ష అతనిదవుతుంది. కార్మికుని దగ్గర కోసి జమ చేయకపోవడం నేరం. యజమాని కట్టనందున కార్మికుడు ప్రయోజనం కోల్పోతే, కార్పొరేషనే ఆ ప్రయోజనం ఇచ్చి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకునే అధికారం కూడా చట్టంలో ఉంది.

ప్రతి కార్మికునికీ పది అంకెల బీమా నంబరు ఒకటుంటుంది. మిల్లు మారినా, ఊరు మారినా ఆ నంబరు మారదు. కొత్త మిల్లులో చేరినప్పుడు పాత నంబరే ఇవ్వాలి. లేకపోతే రెండు నంబర్ల కింద చందా చీలిపోయి, 78 రోజుల లెక్క తప్పే ప్రమాదం ఉంది. ఆ నంబరుతో ఏ నెల ఎంత జమ అయిందో సెల్‌ఫోనులో చూసుకోవచ్చు. ప్రభుత్వపు ఉమాంగ్ యాప్‌లో ఇ.ఎస్.ఐ. విభాగం ఉంది. ఫోను చూడటం చేతకానివారు చదువుకునే పిల్లల చేత చూపించుకోవచ్చు. లేదా ఇ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసుకు వెళ్లి అడగవచ్చు. మూడు నెలలకొకసారి ఇలా చూసుకుంటే, చందా ఆగిన సంగతి జబ్బు రాకముందే బయటపడుతుంది.

రిటైరైన వారికి 120 రూపాయలు

మిల్లులో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషికి మందుల అవసరం ఎక్కువయ్యేది అప్పుడే. జీతం ఆగిపోతుంది, జబ్బులు ముదురుతాయి. కనీసం ఐదేళ్లు ఇ.ఎస్.ఐ. కింద పనిచేసి, వయసు మీరి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే చాలు. తనకూ తన భార్యకూ డిస్పెన్సరీ వైద్యం, మందులు కొనసాగుతాయి. నెలకు 10 రూపాయలన్నమాట. టీ కప్పు ఖరీదుకు నెలంతా ఇద్దరికి మందులు వచ్చే ఏర్పాటు ఇది. అయితే ఇది తనంతట తాను రాదు. రిటైరైన కార్మికుడే బ్రాంచి ఆఫీసుకు వెళ్లి, మిల్లు ఇచ్చిన సర్టిఫికెట్టు చూపించి, సొమ్ము కట్టి, ఏటేటా తిరిగి కట్టుకుంటూ పోవాలి. పనిలో ప్రమాదం జరిగి శాశ్వతంగా వికలాంగులై ఉద్యోగం వదిలినవారికి కూడా ఈ సదుపాయం ఉంది. దండ వేసి, శాలువా కప్పి సాగనంపే రోజునే మిల్లు యాజమాన్యాలు ఈ సర్టిఫికెట్టు కూడా చేతిలో పెడితే, ఆ ముసలివారికి ఎంతో మేలు చేసినవారవుతారు.

చందా లేనివారి సంగతి

జిన్నింగు కూలీలకు, వ్యవసాయ కూలీలకు ఇ.ఎస్.ఐ. లేదన్నాం. వారు నెలనెలా మందులకు వడ్డీకి అప్పు తేవాలని మాత్రం ఎక్కడా లేదు. షుగరుకు, రక్తపోటుకు మామూలుగా వాడే బిళ్లలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. కేంద్రం 2008లో మొదలుపెట్టిన జన ఔషధి దుకాణాల్లో అవే మందులు కంపెనీ పేరు లేకుండా, సగానికి సగం, కొన్ని అంతకంటే తక్కువ ధరకు దొరుకుతాయి. డాక్టరును అడిగి మందు అసలు పేరు చీటీ మీద రాయించుకుంటే ఈ దుకాణంలో కొనడం తేలిక.

కావలసింది ఏమిటి?

చందా కట్టే కార్మికుడు పల్లెలో, మందులిచ్చే డిస్పెన్సరీ పట్నంలో ఉన్నంత కాలం ఈ హక్కు సగం కాగితం మీదే మిగిలిపోతుంది. మిల్లులున్న చోట్లకు డిస్పెన్సరీ దగ్గర కావాలి. షిఫ్టు దిగివచ్చే వేళకు అది తెరిచి ఉండాలి. దీర్ఘ వ్యాధులున్నవారిని పదిరోజులకొకసారి తిప్పకుండా నెలకు సరిపడా మందులు ఒకేసారి ఇవ్వాలి. కార్మిక సంఘాలు బోనసు కోసం, కూలి రేట్ల కోసం అడిగినట్టే ఈ మందుల కోసమూ అడగాలి. గేటు మీటింగులో ఒక పది నిమిషాలు ఈ సంగతులు చెప్పినా ఎన్నో కుటుంబాలకు దారి చూపినట్టవుతుంది.

అధికారులు చేయవలసింది అధికారులు చేయాలి. ఆ లోగా కార్మికుడు తన చేతిలో ఉన్న పని చేసుకోవచ్చు. బీమా నంబరు ఇంట్లో అందరికీ కనబడేచోట రాసి పెట్టుకోవడం, కుటుంబంలోని వారందరి పేర్లూ చేర్పించడం, చందా జమ అవుతున్నదీ లేనిదీ చూసుకోవడం, మందు లేదన్న చోట కాగితం పుచ్చుకోవడం - ఈ నాలుగింటికీ ఖర్చు లేదు. జీతంలో నెలనెలా కోసిన సొమ్ము బిళ్లల రూపంలో ఇంటికి తిరిగి రావడం వీటి మీదే ఆధారపడి ఉంది.